పాత విద్యార్థులు డబ్బులిచ్చారు, అగ్గిపెట్టె గదులు కాకుండా ఇంకేం కట్టొచ్చు?

పల్లెబడి పంతులు (అనంతపురం జిల్లా)
ఫిబ్రవరి 24, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో ప్రాథమికోన్నత పాఠశాలకు హెచ్.ఎం.ని. ఒకటి నుంచి ఎనిమిది దాకా 118 మంది పిల్లలు. గదులు నాలుగే. అందులో ఒకదాంట్లోనే నా కుర్చీ, బీరువా, గుడ్ల ట్రేలు. బియ్యం మూటలు విడిగా పాత స్టోరు గదిలో.

మా బడిలో చదివి బెంగళూరులో స్థిరపడిన పిల్లోళ్లు కొందరు కలిసి 14 లక్షలు పోగు చేసినారు. రెండు గదులు కట్టించండి సార్ అన్నారు. ప్లాను కూడా చేతికొచ్చింది. పక్కపక్కనే రెండు గదులు, ముందర నాలుగడుగుల వరండా, పైన కాంక్రీటు స్లాబు. అన్ని బళ్లలో ఉండే గదే. చిక్కేందంటే, అది సరిగ్గా మా వేపచెట్టు ఉన్న చోటికే వస్తాంది. చెట్టు కొట్టేయాల.

నిన్న వాళ్లలో ఒకబ్బాయి ఏవేవో దేశాల బడుల ఫొటోలు ఫోన్‌కు పంపి, "సార్, ఇట్లాంటివి గీసే ఆర్కిటెక్టులు ఉంటారంట, మనకు కుదరదా?" అని అడిగినాడు. చూస్తే కడుపు నిండింది గానీ అవి మన ఎండకు, మన డబ్బుకు పొసుగుతాయా? బడి కోసమని ప్రత్యేకంగా గీసేవాళ్లు నిజంగా ఏం చేస్తారు? రంగులేయడమేనా? తెలిసినవాళ్లు చెప్పండి. జూన్ 12న బడి తెరిచే నాటికి పునాదులన్నా లేవాల.

ఉగ్గాని బజ్జి (అనంతపురం)
ఫిబ్రవరి 24, రాత్రి 10:05

సార్, అయ్యవారు సక్రమంగా చెప్తే చెట్టు కిందైనా చదువొస్తాది. ఆర్కిటెక్టుకిచ్చే ఫీజుతో రెండు కంప్యూటర్లు కొనండి.

తెల్లచాక్‌పీసు (ఆదోని)
ఫిబ్రవరి 25, ఉదయం 6:50

చెట్టు కిందైనా చదువొస్తుందనేవాళ్లను ఏప్రిల్‌లో పదకొండు గంటలకు మా ఆరో తరగతి గదిలో ఒక్క పీరియడు కూర్చోబెట్టాలని నాకు ఎప్పటినుంచో కోరిక. 46 మంది పిల్లలు, స్లాబు నుంచి దిగే సెగ, రెండు ఫ్యాన్లలో తిరిగేది ఒకటి. నేను చెప్పేది వాళ్లకెక్కదు, వాళ్లడిగేది నాకెక్కదు. అయ్యవారి గొప్పతనమంతా మధ్యాహ్నం అయ్యేసరికి చెమటలో కారిపోతుంది.

పంతులు సార్, భవనం ఏం చేస్తుందో నా అనుభవం ఒకటి చెప్తా. 2019 నవంబర్ 14న సర్కారు బళ్లు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో 15,715 బళ్లు తీసుకున్నారు. మాదీ అందులో ఉంది. నీళ్లొచ్చే మరుగుదొడ్లు కట్టాక మా పెద్దపిల్లలు నెలలో ఆ నాలుగు రోజులు బడి మానడం తగ్గింది. తలుపుకు లోపల అందే ఎత్తులో గడియ, గోడకు ఒక కొక్కెం, మూతున్న బుట్ట. అంతే. దీన్ని ఎవరూ డిజైన్ అనరు, ఫొటో తీసి పంపరు. కానీ నా దృష్టిలో మా బడిలో అంతకన్నా మంచి డిజైన్ లేదు.

నిర్వాహకుడు
ఫిబ్రవరి 25, మధ్యాహ్నం 1:15

ఏ ప్రభుత్వం ఏ రంగు వేసిందన్న పంచాయితీ వేరేచోట పెట్టుకోండి. ఆ తొమ్మిది పోస్టులు తీసేశాను. సార్ ఇక్కడ గదుల గురించి అడిగారు.

గవాచి (ప్రొద్దుటూరు మాది, పని బెంగళూరులో)
ఫిబ్రవరి 25, రాత్రి 11:20

పంతులు సార్, నేను ఆర్కిటెక్టునే. ఎక్కువగా ఇళ్లు గీస్తా, బళ్లు మూడు గీశాను. మీకు ఫొటోల్లో వచ్చినవాటిలో ఎర్రమట్టి గోడల మీద రేకు గాల్లో తేలుతున్నట్టు ఉండే బడి ఒకటి కచ్చితంగా ఉండి ఉంటుంది. అది ఆఫ్రికాలో బుర్కినా ఫాసో దేశంలో గాండో అనే పల్లెలో ఉంది. గీసినాయన ఫ్రాన్సిస్ కెరే, ఆ ఊరి బిడ్డే. చిన్నప్పుడు ఊళ్లో బడి లేక వేరేచోటికి పోయి, ఉడికిపోయే ఇరుకు గదిలో చదువుకున్నాడు. బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూనే చందాలు పోగుచేసి 2001లో సొంతూళ్లో బడి కట్టించాడు. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఈ రంగంలో అంతకన్నా పెద్దది లేదు.

ఆయన వాడినవేంటో చూడండి: సిమెంటు కొద్దిగా కలిపి అచ్చు వేసిన మట్టి ఇటుకలు, మామూలు ఇనుప కమ్ములు, రేకులు. కిటుకంతా పైకప్పులో ఉంది. గది మీద సందులున్న మట్టి ఇటుకల కప్పు ఒకటి. దాని మీద ఖాళీ వదిలి, కమ్ములతో చేసిన ఫ్రేము మీద రేకు. ఎండ రేకును కాలుస్తుంది, గదిని కాదు. గదిలో వేడిగాలి సందుల్లోంచి పైకెక్కి, మధ్యలో తోలే గాలికి కొట్టుకుపోతుంది. కరెంటుతో పనిలేదు. ఊళ్లో ఆడోళ్లు నీళ్లు మోశారు, పిల్లలు రాళ్లు మోశారు.

మీ ప్లానులో ఉన్న స్లాబు దీనికి పూర్తిగా తిరగబడిన వ్యవహారం. పొద్దున్నుంచి వేడి తాగి, సాయంత్రం దాకా పిల్లల నెత్తిన కక్కుతుంది.

కానీ మీరు ఇప్పుడే పైకప్పు గురించి ఆలోచించొద్దు. ఒక పని చెప్తా. వారం రోజులు ఒక కాగితం మీద బడి ఆవరణ గీసుకొని, విరామంలో, అన్నం టైములో, బడి వదిలాక ఇంకా ఇంటికి పోని పిల్లలు ఎక్కడ కూర్చుంటున్నారో చుక్కలు పెట్టండి. కూర్చోమన్న చోటు కాదు, వాళ్లంతట వాళ్లు కూర్చునే చోటు. బడులు గీసేవాళ్లలో మంచోళ్లు మొదట చేసే పని ఇదే. పెన్సిలు తర్వాత.

సైటు మీద మనిషి (కర్నూలు)
ఫిబ్రవరి 26, ఉదయం 8:10

పేరు, శాఖ చెప్పను గానీ ఇట్లాంటి ప్లాన్లు పంచిపెట్టే రకం ఇంజనీర్‌ని. అందరూ మమ్మల్ని తిట్టేముందు ఒక మాట.

ఒకే రకం గది ఎందుకు? ఒక్కొక్కరి చేతికింద పదుల కొద్దీ పనులుంటాయి. సర్కారు రేటు పుస్తకంలో లేని వస్తువు వాడితే ఎస్టిమేటు పాస్ కాదు. ఆడిట్‌లో అడిగితే జవాబు చెప్పాల్సింది నేను, ఆఫ్రికా ఆయన కాదు. రేకులు మొదటి గాలివానకు లేస్తే పేపర్లో పడేది మా ఫొటో. స్లాబు వేడి నిజమే, కానీ ముప్పై ఏళ్లు ఎవడూ పట్టించుకోకున్నా నిలబడుతుంది. సర్కారు బడికి కావాల్సిన మొదటి గుణం అది.

ఇంకొకటి. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలులో టీచరుకు ఒక గది చొప్పున ఉండాలని రాశారు. మీకు గదుల లోటు ఉంది. అందంగా ఒకటి కట్టి రెండోది మానేస్తే, ఏడో తరగతిని ఎనిమిదో తరగతితో కలిపి కూర్చోబెట్టాలి. అది ఆలోచించుకోండి.

చెట్టు విషయంలో మాత్రం మీకే నా ఓటు. ప్లాను ఆఫీసులో కూర్చొని పెట్టుంటారు. చెట్టు అందులో కనపడదు.

గీతల పిల్ల (కడప)
ఫిబ్రవరి 26, రాత్రి 9:30

నేను కడపలో ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం. ఈ థ్రెడ్ మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది సార్!

చెట్టు కొట్టొద్దు. టోక్యో దగ్గర తచికావాలో ఫుజి కిండర్‌గార్టెన్ అని ఉంది, తకహారు తెజుకా, యుయి తెజుకా దంపతులు 2007లో కట్టారు. స్థలంలో మూడు పెద్ద చెట్లుంటే కొట్టకుండా, పైకప్పుకు కన్నాలు పెట్టి చెట్లను అందులోంచి పైకి పోనిచ్చారు. కట్టడం కోడిగుడ్డు ఆకారం వలయం. పైకప్పు మీదే పిల్లలు గుండ్రంగా పరుగెత్తుతారు. చెట్టు చుట్టూ వల కట్టారు, దాంట్లో పడి దొర్లుతారు.

నాకు ఇంకా నచ్చేది నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ ఊరి మాంటిస్సోరి బడి. హెర్మన్ హెర్ట్స్‌బెర్గర్ గీశాడు, 1966లో తయారైంది. హాలు నట్టనడుమ ఒక ఇటుకల దిమ్మె కట్టి పడేశాడు. కదలదు. మొదట చూస్తే అడ్డంగా ఉన్నట్టుంటుంది. కానీ పిల్లలు దాని మీద కూర్చుంటారు, ఎక్కి దూకుతారు, వస్తువులు పరిచి పని చేసుకుంటారు, చెక్కలు జోడించి నాటకం వేస్తారు. చిన్నపిల్లల వైపు దీనికి తిరగబడి ఒక గుంట ఉంటుంది. దాని నిండా చెక్క దిమ్మెలు. తీసుకుంటే పీటలు, పేరిస్తే బొమ్మరైలు, దిమ్మెలు తీసేశాక గుంటలో దిగి కూర్చుంటే అదొక గూడు. తరగతి గదులు కూడా చదరం కాదు, ఎల్ అక్షరం ఆకారం. అందుకని ఒకే గదిలో ఒక మూల గోల, ఇంకో మూల నిశ్శబ్దం రెండూ కుదురుతాయి.

దిమ్మెకు ఖర్చెంత? మనూరి రచ్చకట్టకు అయ్యేంత.

ఉగ్గాని బజ్జి (అనంతపురం)
ఫిబ్రవరి 26, రాత్రి 10:02

హాలెండులో రచ్చకట్ట కడితే ఆర్కిటెక్చరు. మా తాత కడితే పనీపాటా లేనోళ్ల అడ్డా. బాగుందమ్మా.

బేతంచెర్ల బండ (నంద్యాల జిల్లా, పాత కర్నూలే)
ఫిబ్రవరి 27, ఉదయం 5:55

గవాచి అన్నా, నీ పేరు చూసి ఈ థ్రెడ్‌లోకొచ్చినా. ఇప్పటి పిల్లోళ్లకు గవాచంటే తెలీదు. మాది మూడు తరాల మేస్త్రీల ఇల్లు. మన సీమలో మిద్దె ఎట్లేసేటోళ్లో చెప్తా ఇనండి.

గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దాని మీద కట్టెపేళ్లో బండలో, పైన ఆకు పరిచి మట్టి, మట్టి మీద చౌడు. మందం జానకు పైమాటే. ఎండ దిగాలంటే అదంతా దాటాల. నడిమధ్యలో మూరెడు గవాచి, అంటే మిద్దెకు పెట్టే కన్నం. వెలుతురు దిగుతాది, వేడీ పొగా ఎక్కిపోతాయి. వానొస్తే పైనుంచి బండ మూస్తాము. ఆఫ్రికా సారు చేసిందాంట్లో సగం మా అవ్వ వంటింట్లో ఉండాది.

అట్లని బడికి చౌడు మిద్దె వేయమని చెప్పను. ఏటా వానలకు ముందర చౌడు పోయాల, ఎవరు పోస్తారు? ఒక్క ఏడు మర్చిపోతే కారతాది, రెండేళ్లు మర్చిపోతే దంతె పుచ్చుతాది. బండ మాత్రం మర్చిపోవద్దు. నేలకు, అరుగులకు, మెట్లకు, పంచ స్తంభాలకు బేతంచెర్ల బండ పెట్టుకోండి. బూడిదరంగు, లేత పచ్చ చూసుకోండి. కడప నల్లబండ నీడలో చల్లగుంటాది గానీ ఎండ పడే చోట పరిస్తే పిల్లోళ్ల అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. మునిమాపు దాకా సెగ పోదు.

చిత్రావతి (పుట్టపర్తి వైపు)
ఫిబ్రవరి 27, మధ్యాహ్నం 12:40

డబ్బు తక్కువైతే ఒక గది స్లాబు, ఒకటి బోదగడ్డి కప్పిన కొట్టం వేస్తే సరిపోదా? కొట్టం అంత చల్లగా ఏదీ ఉండదు.

తెల్లచాక్‌పీసు (ఆదోని)
ఫిబ్రవరి 27, సాయంత్రం 5:30

దయచేసి ఆ మాట ఎత్తొద్దు. 2004 జూలై 16, తమిళనాడులో కుంభకోణం ఊరి బడి. వంటశాల నిప్పు తాటాకు పైకప్పుకు అంటుకొని 94 మంది పసిపిల్లలు పోయారు. ఆ తర్వాతే బళ్ల మీద ఆకు కప్పులు తీయించారు. మీరు చల్లదనం కోసమే అన్నారని తెలుసు. అయినా వద్దు. సార్, మీ ప్లానులో వంటగది గదులకు ఎంత దూరమో, గాలి ఎటు తోలుతుందో కూడా చూసుకోండి.

పల్లెబడి పంతులు (అనంతపురం జిల్లా)
మార్చి 6, రాత్రి 8:15

గవాచి గారూ, మీరు చెప్పిన పని చేసినా. మొదట నవ్వొచ్చింది, ఇరవై రెండేండ్ల సర్వీసులో పిల్లోళ్లు ఎక్కడ కూర్చుంటారో నాకు తెలీదా అని. తెలీదు.

నేననుకున్నది: అందరూ చెట్టు కింద. కాగితం మీద తేలింది: పొద్దున విరామంలో చెట్టు కింద మగపిల్లలే, అది కూడా పెద్దోళ్లు. ఆడపిల్లలంతా పాత స్టోరు గదికి ఉత్తరం వైపున్న పంచలో. ఐదడుగుల వెడల్పు, ఒకటే మెట్టు. మెట్టు మీద ఎప్పుడు చూసినా ఏడెనిమిది మంది. అన్నం టైములో అక్కడే సగం బడి. ఒకటో తరగతి పిల్లలు నీళ్ల ట్యాంకు నీడలో, నీడ జరిగితే వాళ్లూ జరుగుతారు. ఆరో తరగతి పిల్ల ఒకామె రోజూ నా ఆఫీసు గోడకూ కాంపౌండు గోడకూ మధ్య సందులో ఒక్కతే కూర్చొని పుస్తకం చదువుతాంది. ఆ సందులో మనిషి పడతాడని కూడా నాకు తెలీదు. ఎందుకమ్మా ఇక్కడ అంటే, "ఈడైతే ఎవరూ పిలవరు సార్" అనింది.

నాలుగు గదుల్లో, గంట కొట్టకుండా ఎవరూ తమంతట తాము కూర్చోలేదు. ఒక్క చుక్క కూడా పడలేదు.

ఇంకొకటి. ఆ స్టోరు గదికి పంచ ఉంది కాబట్టి లోపల కూడా తక్కిన గదులంత కాగదు. ఇన్నేండ్లు బియ్యం మూటలు అక్కడ చల్లగా ఉన్నాయి, పిల్లోళ్లు ఇక్కడ ఉడుకుతున్నారు.

గవాచి (ప్రొద్దుటూరు)
మార్చి 6, రాత్రి 11:50

సార్, ఆ చివరి ముక్కతో మీ ప్లాను సగం గీసేశారు.

మొదటిది, స్టోరు గది పిల్లలకివ్వండి, బియ్యం వేరేచోటికి పంపండి. పైసా ఖర్చు లేకుండా ఒక గది వచ్చింది. ఇంజనీరు గారి లెక్క కూడా సరిపోయింది: పాత గదిని బాగు చేస్తే ఒకటి, కొత్తది ఒకటి, మొత్తం రెండు.

రెండోది, కొత్త గదికి నాలుగడుగుల వరండా వద్దు. అది నడవడానికి తప్ప కూర్చోవడానికి రాదు. ఒకరు కాళ్లు చాపితే ఇంకొకరు దాటలేరు. పది అడుగుల పంచ వేయండి, అదే తరగతి, అదే అన్నాల చోటు, వానాకాలం ఆటస్థలం. అంచున అరుగు. ఎత్తు ఒకే రకంగా వద్దు. ఒకటో తరగతికి తొమ్మిది అంగుళాలు, పెద్దోళ్లకు అడుగున్నర.

మూడోది, కిటికీ. బళ్లలో కిటికీ గట్టు మూడడుగులుంటుంది. బల్లలున్న గదిలో పరవాలేదు. మీ చిన్నపిల్లలు కింద కూర్చుంటారు కదా, వాళ్లకు కనిపించేది గోడ, ఆకాశం ముక్క. రెండడుగులకు దించండి. ఎదురెదురు గోడల్లో పెట్టండి, గాలి ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోవాలి. నల్లబల్ల పక్కన మాత్రం కిటికీ పెట్టొద్దు, వెలుగు కళ్లలో కొట్టి అక్షరాలు కనపడవు.

నాలుగోది, ఎండ. గది పొడుగు తూర్పు పడమరలకు ఉండాలి, కిటికీలు ఉత్తర దక్షిణాలకు. పడమటి గోడకు ఒక్క కిటికీ కూడా వద్దు. ఉత్తరం పంచకు ఎండే రాదనుకోవద్దు. అనంతపురం దాదాపు 14.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదలుకొని ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు కొంచెం ఉత్తరానే ఉంటాడు. నెత్తి మీదే కాబట్టి పంచ చూరు దాన్ని ఆపుతుంది, కానీ చూరు ఉండి తీరాలి.

స్లాబు తప్పదంటే వేయండి. ఫిల్లర్ స్లాబు అడిగి చూడండి. కింది భాగంలో కాంక్రీటు పెద్దగా పనిచేయని చోట పెంకులో మట్టి మూకుళ్లో పెట్టి పోస్తారు. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు దీన్ని ఊరూరా వాడి చూపించాడు. కాంక్రీటు తగ్గుతుంది, పెంకుల మధ్య గాలి వేడిని కొంత ఆపుతుంది. అదీ కుదరకపోతే స్లాబు మీద ఏటా మార్చిలో తెల్లసున్నం కొట్టించండి.

సైటు మీద మనిషి (కర్నూలు)
మార్చి 7, ఉదయం 7:45

ఫిల్లర్ స్లాబుకు నేను ఒప్పుకోను. సిద్ధాంతం తప్పని కాదు. కమ్ముల మధ్య దూరం కొలిచి పెంకు పెట్టే మేస్త్రీ మీ మండలంలో ఎవరున్నారు? కేరళలో బేకర్ పక్కనే నిలబడి చేయించాడు. ఇక్కడ మేస్త్రీ మూకుడు కమ్మి మీద ఎక్కిస్తాడు, నేను వచ్చేసరికి కాంక్రీటు పోసేసుంటారు. ఆయన ర్యాట్‌ట్రాప్ గోడ కూడా అంతే. ఇటుకను అంచు మీద నిలబెట్టి మధ్యలో బోలు వదిలి కడితే పాతిక శాతం ఇటుక మిగులుతుంది, గోడా చల్లగుంటుంది. కానీ ఇటుకలన్నీ ఒకే కొలత ఉండాలి. మన బట్టీ ఇటుకలు కవలపిల్లలు కూడా కాదు.

సున్నం, పెద్ద పంచ, దించిన కిటికీ గట్టు, గది దిశ. ఈ నాలుగింటికీ రేటు పుస్తకం అడ్డు రాదు, సంతకం పెట్టొచ్చు. చెట్టు మానుకూ పునాదికీ మధ్య పదిహేను అడుగులన్నా వదలండి. మీది ఎర్రనేలే కదా? మా ఆదోని వైపు నల్లరేగడైతే ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బుతుంది, పునాది కథే వేరు.

గీతల పిల్ల (కడప)
మార్చి 7, సాయంత్రం 6:20

సార్, ఆ సందులో చదువుకునే పాప గురించి చదివి మా రూములో ముగ్గురం ఏడ్చాం. ఆమెకు ఒక చోటు కావాలి. కిటికీ గట్టు రెండడుగులు వెడల్పు పెడితే అందులో ఒకరు కాళ్లు ముడుచుకొని కూర్చోవచ్చు. గోడ మందం ఎలాగూ ఉంటుంది కదా.

బంగ్లాదేశ్‌లో రుద్రాపూర్ అనే పల్లెలో అన్నా హెరింగర్ గీసిన మట్టి బడి ఉంది, 2005లో ఊరోళ్లే చేతులతో కట్టారు. తరగతి గదుల వెనక గోడలో చిన్న చిన్న గుహలు. పిల్లలు దూరి కూర్చుంటారు. చదవడానికో, అలగడానికో.

చిన్నోడి అమ్మ (కడప)
మార్చి 8, మధ్యాహ్నం 2:30

రెండు వారాలుగా చదువుతున్నాను, ఒక్కరూ ర్యాంపు అనలేదు. అరుగులంటున్నారు, మెట్లంటున్నారు, గుహలంటున్నారు. మా చిన్నోడు చక్రాల కుర్చీలో ఉంటాడు, నాలుగో తరగతి.

వాడి బడికి ర్యాంపుంది. నిటారుగా ఉంది. ఎక్కించడానికి ఇద్దరు కావాలి, దించేటప్పుడు నాకు ప్రాణం పోతుంది. ఉండాల్సింది ఒకటికి పన్నెండు. అంటే అడుగున్నర ఎత్తుకు పద్దెనిమిది అడుగుల పొడవు. ఇంత స్థలం ఎక్కడిదని అన్నీ కుదించేస్తారు. మరుగుదొడ్డి ముందర మాత్రం ఒక మెట్టు. ఎవరు గీశారో గానీ, మా వాడు తరగతిలోకి రావచ్చు, దొడ్డికి పోకూడదు అని గీసినట్టుంది.

పునాది తక్కువ ఎత్తు పెట్టుకుంటే ర్యాంపు పొడవూ తగ్గుతుంది. అరుగులన్నింటిలో ఒక్కచోట ఖాళీ వదలండి, కుర్చీ వచ్చి మిగతా పిల్లల వరసలో ఆగేలాగ. ముందర కాదు, పక్కన కాదు. వరసలో.

పల్లెబడి పంతులు (అనంతపురం జిల్లా)
మార్చి 8, రాత్రి 9:00

అమ్మా, మా బడిలో అట్లాంటి పిల్లలు లేరు అని రాయబోయి ఆగినా. ఊళ్లో ఇద్దరున్నారు. బడికి రారు. ఎందుకు రారో ఇప్పుడర్థమయింది. పద్దెనిమిది అడుగులు రాసుకున్నా.

ఉగ్గాని బజ్జి (అనంతపురం)
మార్చి 9, ఉదయం 10:10

సరే, నేను ఓడిపోయినా. ఒక్కటి చెప్పండి, గోడల మీద బొమ్మలు ఎంతవరకు మంచివి? మా పక్కూరి బడిలో సౌరకుటుంబం, ఎక్కాలు, ఏనుగు, గాంధీ, జీర్ణవ్యవస్థ, ఇంగ్లీషు నెలలు... జానెడు ఖాళీ లేదు. లోపలికి పోతే నాకే తల తిరిగింది.

తెల్లచాక్‌పీసు (ఆదోని)
మార్చి 9, సాయంత్రం 6:05

దానికి మూలం మంచిదే. ఢిల్లీలో విన్యాస్ సంస్థ నడిపే ఆర్కిటెక్టు కబీర్ వాజ్‌పేయి 'బాలా' అనే పద్ధతి తయారుచేశారు, భవనమే బోధనోపకరణం అని. యూనిసెఫ్ తోడ్పడింది, దేశమంతా పాకింది. అసలు ఆలోచన బొమ్మలు కాదు. తలుపు తెరుచుకునే చోట నేల మీద డిగ్రీలు గీస్తే తలుపే కోణమానిని. కిటికీ ఊచలను పిల్లలు వేలు పెట్టి తడిమే వంపులుగా మలిస్తే అక్షరాలకు ముందు చెయ్యి తిరుగుతుంది. ఫ్యాను రెక్కలకు రంగులేస్తే తిరిగేటప్పుడు ఏ రంగవుతుందో చూస్తారు. అంటే వస్తువు పని చేయాలి. మనవాళ్లకు పెయింటరు చవగ్గా దొరికాడు, గోడలన్నీ పాఠ్యపుస్తకం చేశారు. రెండో వారానికి ఆ గోడను ఎవరూ చూడరు.

గీతల పిల్ల (కడప)
మార్చి 9, రాత్రి 10:40

దీని మీద పరిశోధన ఉంది! ఇంగ్లండులో సాల్ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 27 బళ్లలో 153 తరగతి గదులు, 3,766 మంది పిల్లల్ని చూసి 2015లో ప్రకటించారు. ఏడాదిలో పిల్లల ప్రగతిలో వచ్చిన తేడాల్లో 16 శాతం దాకా గది తీరుతో ముడిపడి ఉందని తేల్చారు. వెలుతురు, గాలి, ఉష్ణోగ్రత ముందున్నాయి. గోడలు మరీ బోసిగా ఉన్నా, మరీ కిక్కిరిసినా నష్టమే, మధ్యస్థంగా ఉండాలన్నారు. ఇంకోటి, ఇది మా గదే అని పిల్లలకు అనిపించడం కూడా లెక్కలోకి వచ్చింది.

గవాచి (ప్రొద్దుటూరు)
మార్చి 10, అర్ధరాత్రి 12:15

అది చలిదేశం లెక్క, మనకు ఆ 16 అట్లాగే దిగదు. కానీ వరస మారదనుకుంటా. వేడికీ గాలికీ ముందు ఖర్చుపెట్టి, మిగిలితే పెయింటరు.

అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది, శబ్దం. బండల నేల, సిమెంటు గోడలు, స్లాబు. మాట కొట్టుకొని తిరిగొస్తుంది. తరగతిలో ప్రతిధ్వని 0.6 సెకన్లకు మించకూడదంటారు. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి చూడండి సార్, గంట కొట్టినట్టుంటుంది. వెనక గోడకు శనక్కాయల గోనెసంచులు నాలుగు మడతలేసి చెక్కచట్రంలో బిగిస్తే చాలా తగ్గుతుంది, పిల్లల కాగితాలు గుచ్చుకునే బోర్డూ అవుతుంది. నేను గీసిన ఒక బడిలో ఇది చేయలేదు. ఇప్పటికీ ఆ హెచ్.ఎం. ఫోన్ చేస్తే ఎత్తడానికి సిగ్గు.

పల్లెబడి పంతులు (అనంతపురం జిల్లా)
ఏప్రిల్ 19, రాత్రి 8:50

ఆలస్యమయింది, మన్నించండి. ఒంటిపూట బడులు, పరీక్షలు, మధ్యలో వాస్తు.

వాస్తు ఎట్లొచ్చిందంటే, ఊరిపెద్ద ఒకాయన కొత్త గదికి తలుపు తూర్పుకే ఉండాలన్నాడు. మనకేమో పంచ ఉత్తరానికి. రెండు రోజులు నడిచింది. చివరకు తలుపు ఉత్తరానికే ఉంచి, తూర్పు గోడలో ఒక చిన్న తలుపు పెట్టినాము, చెట్టు వైపుకు. ఆయనకు వాస్తు కుదిరింది, నాకు చెట్టు కిందికి దారి కుదిరింది. ఎవరు గెలిచినారో ఎవరూ అడగలేదు.

తేలింది ఇదీ. గది పదకొండడుగులు పడమటికి జరిగింది, చెట్టు మిగిలింది. గది ఒకటే, పది అడుగుల పంచ, మూడు ఎత్తుల అరుగు, ర్యాంపు పద్దెనిమిది కాదు పన్నెండడుగులు, ఎందుకంటే పునాది అడుగుకు దించినాము. వాన నీళ్లు అటు రాకుండా కాలువ తీస్తాండారు. స్టోరు గది ఇప్పుడు మూడో తరగతి. బియ్యం నా ఆఫీసులోకి వచ్చినాయి, నేను మూటల మధ్య కూర్చోని రాస్తాండా. గవాచి గారు గీసిచ్చినారు, ఫీజు అడిగితే ఉగ్గాని పెట్టించమన్నారు. కడప నుంచి ఐదుగురు పిల్లలు బస్సులో వచ్చి ఆవరణంతా టేపు పెట్టి కొలిచిపోయినారు. ఎస్టిమేటు కదలడానికి ఇంకొకరు కర్నూలు నుంచి ఎవరికో ఫోన్ చేసినారని విన్నా. ఆయన పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను.

కిటికీ గట్టు వెడల్పు ఒక్కదాంట్లో గొడవయింది. మేస్త్రీ "అంత గట్టు దండగ సార్" అన్నాడు. ఆరో తరగతి పిల్లను పిలిచి సందులో కూర్చోమని, భుజం నుంచి మోకాలి దాకా టేపుతో కొలిపించినా. అదే కొలత పెట్టమన్నా. ఆమెకు ఎందుకు కొలిచినానో చెప్పలేదు.

చిన్నోడి అమ్మ (కడప)
ఏప్రిల్ 19, రాత్రి 9:25

అరుగులో ఖాళీ వదిలారా?

పల్లెబడి పంతులు (అనంతపురం జిల్లా)
ఏప్రిల్ 19, రాత్రి 9:31

వదిలినామమ్మా. మూడడుగులు. ఐదో స్తంభం పక్కన, నీడ ఎక్కువసేపు ఉండే చోట.

ఉగ్గాని బజ్జి (అనంతపురం)
ఏప్రిల్ 19, రాత్రి 9:44

సార్, ఉగ్గాని నా ఖర్చు. బజ్జీలు కూడా. పునాది రోజు ఎప్పుడో చెప్పండి.

బేతంచెర్ల బండ (నంద్యాల జిల్లా)
ఏప్రిల్ 20, ఉదయం 5:40

పంతులు సార్, అరుగుకు రెండంగుళాల మందం బండ చెప్పండి, అంగుళం బండైతే పిల్లోళ్లు దూకితే విరుగుతాది. అంచులు గుండ్రంగా కొట్టించినావే పంపిస్తా. లారీ మీ ఊరి సందులో తిరుగుతాదా, లేక రోడ్డు మీదనే దించాల్నా?

పల్లెబడి పంతులు (అనంతపురం జిల్లా)
ఏప్రిల్ 20, ఉదయం 6:15

పెద్ద లారీ తిరగదప్పా. రోడ్డు మీద దించితే ట్రాక్టరు తెస్తాం. గురువారం వద్దు, ఆరోజు సంత.